కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాత తల తిరుగుతుంటే ఏం చెయ్యాలి, బ్యాలెన్స్ మళ్ళీ ఎలా తెచ్చుకోవాలి

వినికిడి పోయినవాళ్ళకి లోపలి చెవిలో పెట్టే ఈ ఇంప్లాంట్ ఆపరేషన్ అనగానే అందరి ధ్యాసా వినికిడి మీదే ఉంటుంది, స్విచ్ ఆన్ (పరికరాన్ని మొదటిసారి పనిచేయించడం) ఎప్పుడు, మాటలు ఎన్నాళ్ళకి అర్థమవుతాయి, ఫోన్‌లో మాట్లాడగలమా అని. తీరా ఇంటికొచ్చాక మంచం మీంచి లేవబోతే గది గిర్రున తిరుగుతుంది, గోడ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా వెళ్ళలేని పరిస్థితి, అప్పుడు ఇంట్లోవాళ్ళు హడలిపోయి "కదలకు, పడుకో, తల అస్సలు తిప్పకు" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ మొదటి రెండు మూడు రోజులు దాటాక ఆ సలహా వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే, ఆపరేషన్ తర్వాత వచ్చే తిరుగుడు చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కానీ పూర్తిగా తగ్గాలంటే తల కదపాలి, కదపకుండా దాచుకుంటూ కూర్చుంటే మెదడుకి నేర్చుకునే అవకాశమే దొరకదు. ఎప్పుడు కదపాలి, ఎంత కదపాలి, ఎప్పుడు మాత్రం అన్నీ ఆపేసి హాస్పిటల్‌కి వెళ్ళిపోవాలి, ఇవి వివరంగా రాస్తున్నా.

అసలెందుకు తిరుగుతుంది

వినడానికి పనికొచ్చే కాక్లియా, బ్యాలెన్స్ చూసుకునే భాగం రెండూ లోపలి చెవిలో ఒకే ఎముక గూడులో ఉంటాయి, లోపలున్న ద్రవం కూడా రెండిటికీ కలిసే ఉంటుంది. బ్యాలెన్స్ వైపు మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి, తల ఎటు తిరిగిందో అవి చెప్తాయి. యుట్రికిల్, సాక్యూల్ అని రెండు చిన్న సంచులుంటాయి, తల ఎటు వంగింది, లిఫ్ట్‌లో పైకి వెళ్తున్నామా కిందికి వెళ్తున్నామా లాంటివి అవి చెప్తాయి. సర్జన్ ఎలక్ట్రోడ్ తీగని కాక్లియాలోకి పంపించేటప్పుడు లోపలి ద్రవం కదులుతుంది, కొంచెం బయటికి రావచ్చు, తర్వాత కాస్త వాపు కూడా ఉంటుంది. సాక్యూల్ కాక్లియాకి బాగా దగ్గర కాబట్టి దెబ్బ తగిలితే ముందు దానికి తగిలే అవకాశమే ఎక్కువ. అందుకే చాలామంది సర్జన్లు రౌండ్ విండో అనే సహజమైన ద్వారం గుండా మెత్తటి తీగని చాలా నెమ్మదిగా పంపిస్తారు, స్టెరాయిడ్ కూడా ఇస్తుంటారు.

ఇప్పుడు మెదడు వైపు నుంచి చూద్దాం. తల కదలకుండా ఉన్నప్పుడు రెండు చెవుల నుంచీ సమానంగా సిగ్నల్ వెళ్తుంటుంది. ఒక చెవి ఒక్కసారిగా నెమ్మదిస్తే ఆ తేడా చూసి మెదడు తల రెండో వైపుకి తిరుగుతోందనుకుంటుంది, అందుకే పడుకుని ఉన్నా గది తిరుగుతుంది, కళ్ళు ఒక పక్కకి లాగినట్టుంటాయి, వాంతులొస్తాయి. ఈ భాగాన్ని మెదడు తనంతట తనే కొన్ని రోజుల్లో సర్దేసుకుంటుంది. తల కదిపినప్పుడు వచ్చే ఇబ్బంది మాత్రం అలా కాదు. మామూలుగా మనం తల కుడికి తిప్పితే కళ్ళు అంతే వేగంతో ఎడమకి జరిగి చూస్తున్న వస్తువు మీదే నిలబడతాయి, ఒక చెవి బలహీనపడ్డాక ఆ లెక్క తప్పుతుంది, చదువుతున్న అక్షరం జారిపోయినట్టు మసకబారుతుంది. ఆ జారడాన్ని చూసే మెదడు కళ్ళని ఇంకొంచెం ఎక్కువ జరపాలని నేర్చుకుంటుంది. తల కదపకపోతే అక్షరం జారదు, జారకపోతే మెదడుకి తప్పు ఎక్కడుందో తెలీదు. ఎక్సర్‌సైజులన్నిటి వెనకా ఉన్న సంగతి ఇంతే.

ముందు మీది ఏ రకం తిరుగుడో చూసుకోండి

అన్ని తిరుగుళ్ళకీ ఒకే మందు పనిచెయ్యదు, ఈ తేడా పట్టుకోకపోవడం వల్ల వారాల తరబడి అనవసరమైన మాత్రలు మింగేవాళ్ళున్నారు.

ఆపరేషన్ అయిన వెంటనే మొదలై రోజంతా ఉండి, తల కదిపితే పెరిగి, రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గుతుంటే అది పైన చెప్పిన ఒక చెవి నెమ్మదించడం, ఎక్సర్‌సైజులు దీనికే బాగా పనిచేస్తాయి. అలా కాకుండా మంచం మీద పక్కకి దొర్లినప్పుడో, పడుకోబోతుంటేనో, పైన అలమరా వైపు తలెత్తినప్పుడో మాత్రమే గట్టిగా తిరిగి నిమిషం లోపు ఆగిపోతుంటే అది బీపీపీవీ అయ్యుండొచ్చు. యుట్రికిల్‌లో ఉండే సన్నటి కాల్షియం రేణువులు ఊడి నాళాల్లోకి జారిపోతే వచ్చేది ఇది, ఎముక డ్రిల్ చేసినప్పుడు ఆ అదురుకి కూడా రేణువులు కదలొచ్చు. దీనికి డిక్స్ హాల్‌పైక్ అనే పరీక్ష చేసి ఎప్లీ పద్ధతిలో తలని వరసగా తిప్పి రేణువుల్ని వెనక్కి పంపిస్తారు, చాలాసార్లు ఒకటి రెండు సిట్టింగుల్లోనే తగ్గిపోతుంది. వీడియో చూసి ఇంట్లో మీకు మీరే చేసుకోకండి, ఏ చెవి, ఏ నాళం అన్నది తెలియాలి, పైగా కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు తల మీద ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలిసినవాళ్ళే చెయ్యాలి.

ముక్కు చీదినా, గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా తిరుగుడు వస్తుంటే ఎక్సర్‌సైజులు మొదలుపెట్టకుండా సర్జన్‌కి చెప్పండి, తీగ వెళ్ళిన చోట సరిగ్గా మూసుకోక ద్రవం లీకవుతుండొచ్చు. అంతా బాగుందనుకున్నాక వారాలకో నెలలకో చెవి దిబ్బడ వేసినట్టుండి గంటల తరబడి తిరిగే అటాక్‌లు వస్తుంటే లోపల ద్రవం ఒత్తిడి పెరిగి ఉండొచ్చు, దానికి ట్రీట్‌మెంట్ వేరు. ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కి శబ్దం అందించే, బయట పెట్టుకునే భాగం) పెట్టుకోగానే తిరిగి, తీసేస్తే ఆగిపోతుంటే వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్‌కి చెప్పాలి, కరెంట్ పక్కన ఉన్న బ్యాలెన్స్ నరానికి కూడా తగులుతుండొచ్చు. ఏ ఎలక్ట్రోడ్ దగ్గర వస్తుందో ఒక్కొక్కటీ చూసి దాన్ని తగ్గిస్తారు లేదా ఆపేస్తారు. ఇది అరుదే, కానీ జరిగినవాళ్ళు ప్రాసెసర్‌ని డ్రాయర్‌లో పెట్టేసి ఇంప్లాంట్ పడలేదు అనుకుంటారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ప్రాసెసర్ సెట్టింగులు మార్చే మ్యాపింగ్‌లో సరిచేసే విషయం అది.

ఇవి కనిపిస్తే మాత్రం ఏ గైడూ చదవకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి: జ్వరం, మెడ బిగుసుకుపోవడం, భరించలేని తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరలకి ఇన్ఫెక్షన్) వచ్చే రిస్క్ మిగతావాళ్ళ కంటే ఎక్కువ, అందుకే న్యూమోకోకల్ టీకాలు వేయించుకోమంటారు, వేయించుకోకపోతే ఇప్పుడైనా అడగండి. అలాగే ముఖం ఒక పక్కకి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, వస్తువులు రెండుగా కనిపించడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం కారడం, వీటిల్లో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

మొదటి కొన్ని రోజులు

ఈ రోజుల్లో పని రెండే, పడిపోకుండా ఉండటం, కుట్లకీ చెవికీ ఒత్తిడి తగలకుండా చూసుకోవడం. ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి, మలబద్ధకం ఉంటే ముక్కకుండా డాక్టర్‌ని మందు అడగండి, బరువులు ఎత్తొద్దు, నేల మీది వస్తువు కావాలంటే నడుం వంచి తల కిందికి వేలాడేయకుండా మోకాళ్ళు వంచి తీసుకోండి. ఎన్నాళ్ళు అన్నది సర్జన్ చెప్పిందే ఫైనల్.

లేవడానికి తొందర పడకండి. ముందు పక్కకి తిరగండి, కాళ్ళు మంచం కిందికి దించి మోచేత్తో ఆనుకుని కూర్చోండి, ఎదురుగా కదలని వస్తువు ఏదైనా ఒకటి చూస్తూ తిరుగుడు ఆగేదాకా ఉండండి, అప్పుడు లేచి కూడా ఒక్క క్షణం నిలబడి, అడుగు తర్వాత వెయ్యండి.

మాత్రల సంగతి. వాంతులూ తిరుగుడూ అణచడానికి మొదటి రెండు మూడు రోజులకి ఇచ్చే మందులు మంచివే, వాంతులు అవుతుంటే ఏమీ తినలేం కదా. కానీ అలాంటి మందులు మెదడుకి వెళ్ళే తేడా సిగ్నల్‌నే మొద్దుబారుస్తాయి, కాబట్టి వారాల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం కూడా ఆలస్యమవుతుంది. చీటీలో ఎన్ని రోజులో రాయకపోతే అడిగి రాయించుకోండి, ఎప్పుడు ఆపాలో వాళ్ళనే అడగండి.

రాత్రి విషయం ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తున్నా. మనిషి నిటారుగా నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది, కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు పడుకునేటప్పుడు ప్రాసెసర్ తీసేస్తారు, లైటు ఆపేస్తారు, అర్ధరాత్రి బాత్రూమ్‌కని లేస్తే చెవి వైపు సమాచారం తక్కువ, కళ్ళకి చీకటి, వినికిడి సున్నా, నిద్రమత్తు, వెనకనుంచి ఎవరైనా "జాగ్రత్త" అని అరిచినా వినపడదు. పడిపోయేది ఎక్కువగా అప్పుడే. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో నేలకి దగ్గరగా చిన్న లైట్లు పెట్టండి, జారే చాపలూ వైర్లూ తీసేయండి, ఫోన్ టార్చ్ దిండు పక్కనే ఉంచుకోండి, మొదట్లో ఎవరో ఒకరు అదే గదిలో పడుకుంటే ఇంకా మంచిది.

ఎక్సర్‌సైజులు

సర్జన్ తల కదపొచ్చు అన్నాకే మొదలుపెట్టండి, వీలైతే వెస్టిబ్యులర్ రిహాబ్ (బ్యాలెన్స్ మళ్ళీ తెచ్చే ఎక్సర్‌సైజ్ చికిత్స) తెలిసిన ఫిజియోని మొదట్లోనే కలవండి. ఇవి కొత్తగా పుట్టినవేం కాదు, 1940లలో బ్రిటన్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు ఇలాంటి రోగులకి తల, కళ్ళు, ఒళ్ళు కదిపే ఎక్సర్‌సైజులు తయారుచేశారు, ఇప్పుడు చేసేవి వాటికంటే కొంచెం గురి చూసి చేసేవి.

మొదటిది చూపు నిలపడం. ఒక కాగితం మీద ఒకే ఒక్క అక్షరం, 'అ' అనుకోండి, బొటనవేలి గోరంత సైజులో రాసి కంటికి ఎదురుగా గోడకి అంటించండి, ముందు గోడ ప్లెయిన్‌గా ఉండాలి, డిజైన్ల గోడ వద్దు. చెయ్యి చాచినంత దూరంలో కుర్చీలో కూర్చోండి. అక్షరం మీంచి చూపు తియ్యకుండా తలని కుడికీ ఎడమకీ తిప్పండి, పెద్దగా అక్కర్లేదు, ముక్కు అటు ఇటు కొంచెం తిరిగితే చాలు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ వెళ్ళండి, ఒక వేగం దగ్గర అక్షరం అంచులు వణకడం మొదలవుతుంది, దానికి ఒక్క పిసరు తక్కువ వేగంలో ఆగి అక్కడే ఒక నిమిషం చెయ్యండి. అంత సేపు కష్టమైతే 20, 30 సెకన్లతో మొదలుపెట్టండి. ఆగి తిరుగుడు సర్దుకున్నాక ఈసారి పైకీ కిందికీ. ఒక చెవి బలహీనపడ్డవాళ్ళకి ఫిజియోలు అనుసరించే గైడ్‌లైన్ ప్రకారం కొత్తగా వచ్చిన సమస్యకి రోజుకి కనీసం 3 సార్లుగా అన్నీ కలిపి 12 నిమిషాలకి తగ్గకుండా చెయ్యాలి, పాతబడిపోయిన సమస్యకి రోజుకి కనీసం 20 నిమిషాలు. ఒకేసారి 12 నిమిషాలు చేసేసి వాంతి చేసుకుని పడుకుంటే లాభం లేదు, విడగొట్టండి.

ఎంత తిరిగితే సరైనది అని అందరూ అడుగుతారు. అస్సలు తిరగకపోతే మెదడుకి పని పడలేదన్నమాట, వేగం పెంచాలి. కాసేపు తిరిగి, ఆపాక పావుగంట ఇరవై నిమిషాల్లో మామూలైపోతే అది సరైన మోతాదు. సాయంత్రం దాకా వికారం ఉండిపోతే ఎక్కువైంది, మర్నాడు మానెయ్యకుండా తగ్గించి చెయ్యండి.

ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి ఇక్కడ ఒక ప్రాక్టికల్ ఇబ్బంది ఉంది, మామూలు ఎక్సర్‌సైజ్ చార్టుల్లో ఇది ఉండదు. వేగంగా తల ఊపితే అయస్కాంతంతో తలకి అతుక్కున్న కాయిల్ (ప్రాసెసర్ సిగ్నల్‌ని లోపలికి పంపే గుండ్రటి భాగం) జారి పడిపోతుంది, దాన్ని పట్టుకోబోయి మనిషి తూలతాడు. మా అమ్మతో చేయించేటప్పుడు ఇదే గొడవ, మెత్తటి హెడ్‌బ్యాండ్ కాయిల్ మీదుగా వేసి ప్రాసెసర్‌ని క్లిప్‌తో బట్టలకి తగిలించాక కుదిరింది. అలా కాకపోతే ప్రాసెసర్ తీసి పక్కన పెట్టేసి చెయ్యొచ్చు, కానీ అప్పుడు వినపడదు, తల ఊపుతూ పెదాలు చదవడం కుదరదు, అందుకని ఫిజియోతో ముందే చేతి సైగలు మాట్లాడి పెట్టుకోవాలి, చెయ్యెత్తితే ఆపు, రెండు వేళ్ళు తిప్పితే వేగం పెంచు, ఇలాంటివి. కళ్ళు మూసుకుని చేసే ఎక్సర్‌సైజుల్లో సైగ కూడా కనపడదు, భుజం మీద ఒకసారి తడితే ఆపు అని అనుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వినపడనివాళ్ళకి కళ్ళు మూసుకోమని చెప్పి నిలబెడితే ఎంత భయంగా ఉంటుందో పక్కన ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

రెండోది నిలబడటం. గది మూలలో గోడల వైపు వీపు ఉండేలా, వాటికి ఆనకుండా నిలబడి, ఎదురుగా ఒక కుర్చీ వీపు మీవైపు ఉండేలా పెట్టుకోండి, ఎటు తూలినా ఏదో ఒకటి ఆపుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి 30 సెకన్లు, అది తేలికైతే ఒక పాదం కొంచెం ముందుకి, తర్వాత ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా. ఇవన్నీ కళ్ళు తెరిచి కుదిరాకే కళ్ళు మూసి. చివర్లో పాదాల కింద గట్టి ఫోమ్ దిండు, అప్పుడు పాదాల సమాచారం కూడా తగ్గిపోతుంది, మిగిలిన కాస్త లోపలి చెవినే మెదడు వాడుకోక తప్పదు. ఫోమ్ మీద కళ్ళు మూసుకుని నిలబడటం ఒంటరిగా ఉన్నప్పుడు అస్సలు చెయ్యొద్దు.

మూడోది నడక, దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రోజూ నడవండి. చదునైన చోట మొదలుపెట్టి, నడుస్తూ నాలుగడుగులకి కుడికి నాలుగడుగులకి ఎడమకి చూడటం, తర్వాత ఎగుడుదిగుడు నేల, మెట్లు, ఆఖర్న జనం ఎక్కువున్న చోట్లు. జనంలో, షాపుల అరల మధ్య కళ్ళు తిరిగినట్టుండటం మామూలే, కళ్ళ ముందు అన్నీ కదులుతుంటే కళ్ళ మీద ఎక్కువ ఆధారపడే మెదడు తికమక పడుతుంది. తప్పించుకోకుండా కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి.

స్విచ్ ఆన్ అయ్యాక నడిచేటప్పుడు ప్రాసెసర్ పెట్టుకునే నడవండి. చుట్టూ నుంచి వచ్చే శబ్దాలు కూడా మనం ఎక్కడున్నామో చెప్పే ఆధారమే, ప్రాసెసర్ ఆన్‌లో ఉంటే నిలకడగా అనిపిస్తుందనేవాళ్ళున్నారు, తేడా ఏం లేదనేవాళ్ళూ ఉన్నారు. తేడా లేకపోయినా వెనకనుంచి వచ్చే బండి శబ్దం వినపడుతుంది కదా, ఆ ఒక్కటి చాలు.

రెండు చెవులూ బలహీనంగా ఉంటే

కొంతమందికి గది తిరగడం అనేదే ఉండదు, కానీ నడుస్తుంటే బోర్డుల మీద అక్షరాలు ఎగురుతుంటాయి, చీకట్లో తాగినవాళ్ళలా తూలతారు. ఇది రెండు వైపులా బ్యాలెన్స్ పోయిన లక్షణం. చిన్నప్పుడు మెనింజైటిస్ వచ్చినవాళ్ళు, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల వల్ల వినికిడి పోయినవాళ్ళు, అషర్ సిండ్రోమ్ టైప్ 1 (వినికిడి, బ్యాలెన్స్, తర్వాత చూపు దెబ్బతినే జన్యు సమస్య) ఉన్నవాళ్ళలో ఆపరేషన్‌కి ముందే ఇలా ఉండొచ్చు, ఆపరేషన్‌ని తప్పుపట్టే ముందు ఇది తెలియాలి. అందుకే ఆపరేషన్‌కి ముందే బ్యాలెన్స్ పరీక్షలు చేయించమని నేను గట్టిగా చెప్తాను. కెలోరిక్, వీ-హిట్ అనే పరీక్షలు నాళాల్ని చూస్తాయి, వెంప్ అనే పరీక్ష యుట్రికిల్, సాక్యూల్ అనే ఆ రెండు సంచుల్ని చూస్తుంది. ఒక చెవిలో మాత్రమే బ్యాలెన్స్ మిగిలి ఉంటే ఏ చెవికి ఇంప్లాంట్ పెట్టాలనే నిర్ణయంలో అది కూడా లెక్కలోకి రావాలి, రెండో చెవి ఆపరేషన్‌కి ముందైతే మరీనూ. ఆపరేషన్ తర్వాత శబ్దంతో చేసే వెంప్ రాకపోతే కంగారు పడకండి, మధ్య చెవిలో మార్పుల వల్ల కూడా శబ్దం లోపలికి సరిగ్గా చేరకపోవచ్చు, ఎముక మీద వైబ్రేషన్‌తో చేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

రెండు వైపులా పోయినప్పుడు ఎక్సర్‌సైజులు కళ్ళనీ పాదాలనీ బాగా వాడుకోవడం నేర్పుతాయి, పోయినదాన్ని తిరిగి తేవు, మెరుగుపడటానికి నెలలు పడుతుంది. ఈ సమస్యకి బ్యాలెన్స్ కోసం పెట్టే వెస్టిబ్యులర్ ఇంప్లాంట్ అని ప్రయోగాలు జరుగుతున్నాయి, 2021లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 8 మందిలో ఫలితాలు ప్రచురించారు, కానీ ఇంకా రీసెర్చ్ దశే. ఈలోపు నీళ్ళ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. నీళ్ళలో పాదాలకి నేల ఉండదు, మునిగితే సరిగ్గా కనపడదు, పైకి ఎటు అన్నది తెలియక లోతుకి ఈదేసే ప్రమాదం ఉంది, ఈత వచ్చినవాళ్ళకి కూడా. పక్కన మనిషి లేకుండా దిగొద్దు. నిచ్చెనలు ఎక్కడం, చీకట్లో బండి నడపడం కూడా అంతే.

పిల్లలైతే

పిల్లలు తల తిరుగుతోందని చెప్పలేరు. ఎత్తుకోమని మారాం చెయ్యడం, నడిచే పిల్ల మళ్ళీ పాకడం, ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవడం, కారణం లేకుండా వాంతి, ఇవి చూడాలి. మెడ నిలపడం, కూర్చోవడం బాగా ఆలస్యమై 18 నెలలు దాటినా నడవకపోతే "వినపడదు కదా అందుకే లేటు" అని సరిపెట్టుకోకండి, వినపడకపోవడం వల్ల నడక ఆగదు, బ్యాలెన్స్ పరీక్ష అడగండి, కంటి పరీక్ష కూడా అడగండి, ఎందుకంటే అషర్ ఉంటే తర్వాత్తర్వాత రాత్రి చూపు కూడా తగ్గుతుంది. బ్యాలెన్స్ లేని పిల్లలు ఎక్కువ పడతారు, తలకి దెబ్బలు తగిలితే లోపలి ఇంప్లాంట్ పాడై మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు, కాబట్టి సైకిల్‌కీ స్కేటింగ్‌కీ హెల్మెట్ తప్పనిసరి. ఆటలు మాన్పించకండి, దిండ్ల మీద నడక, గీత మీద నడక, ఉయ్యాల, బంతి పట్టుకోవడం, ఇవే వాళ్ళకి ఎక్సర్‌సైజులు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

"తల తిరుగుతోంది" అని ఒక్క ముక్క చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. రోజూ రెండు లైన్లు రాసుకోండి, గది తిరిగిందా లేక మనిషి తూలాడా, సెకన్లా గంటలా, ఏం చేస్తుంటే వచ్చింది, ప్రాసెసర్ ఉందా లేదా, చెవిలో దిబ్బడ కానీ కొత్త మోత కానీ ఉందా, ఆరోజు ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్ని నిమిషాలు ఎక్సర్‌సైజ్ చేశారు. తిరుగుడు వచ్చిన క్షణంలో ఇంట్లోవాళ్ళు కళ్ళని దగ్గరగా ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది, కళ్ళు ఎటు కొట్టుకుంటున్నాయో చూస్తే తెలిసిన డాక్టర్‌కి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. వారాల తరబడి సరిగ్గా చేస్తున్నా అంగుళం కూడా మార్పు లేకపోతే అదే ఎక్సర్‌సైజ్ పట్టుకుని వేలాడకండి, ఆ నోట్స్ తీసుకెళ్ళి బీపీపీవీ ఉందేమో, మైగ్రేన్ తోడైందేమో, రెండో చెవి ఎలా ఉందో మళ్ళీ చూడమని అడగండి.